మూడు నిమిషాల చదరంగం: విశాఖలో మా మేడ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఐదారుగురం బోర్డులేసుకుని కూర్చుంటాం. మిగతా వారమంతా ఆట ఫోన్లోనే. వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతుంటే ఒక్కసారి రాసి పెట్టేస్తే పోతుందని మొదలెట్టాను. నేను కోచ్‌ని కాను. పదేళ్ళుగా ఆన్‌లైన్‌లో బ్లిట్జ్ (గడియారం పెట్టుకుని గబగబా ఆడే ఆట) ఆడుతున్నాను, అందులో ఆరేళ్ళు ఒకే రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) చుట్టూ గానుగెద్దులా తిరిగాను. ఆ ఆరేళ్ళు ఎక్కడ పోయాయో కాస్త ఆలస్యంగా తెలిసింది.

పావుల పేర్ల గురించి ఒక మాట. మా తాతగారు రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అనేవారు, నాకూ అవే అలవాటు. బిషప్‌ని మాత్రం ఒక ఇంట్లో శకటు అంటారు, ఇంకో ఇంట్లో ఒంటె అంటారు. ఆ తగువు నాకెందుకని బిషప్ అనే రాస్తున్నాను. గళ్ళకి పేర్లు తెల్లవైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఏ నుంచి హెచ్ దాకా, కింద నుంచి పైకి 1 నుంచి 8 దాకా. పావు పేరు లేకుండా ఉత్త ఈ4 అని రాస్తే బంటు ఆ గడికి వెళ్ళిందని.

బుల్లెట్, బ్లిట్జ్, ర్యాపిడ్: ఏది ఏది?

ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిబంధనల్లో ఒక్కొక్కరికి 10 నిమిషాలు, అంతకు తక్కువ ఉంటే బ్లిట్జ్. 10 దాటి 60 లోపు ఉంటే ర్యాపిడ్. ఎత్తుకిన్ని సెకన్లు కలిసే పద్ధతైతే 60 ఎత్తుల లెక్కన కలిపి చూస్తారు. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల లోపు ఆటని బుల్లెట్ అంటారు. 10 నిమిషాల ఆటని లీచెస్, చెస్ డాట్ కామ్ అనే ఆట సైట్లు రెండూ ర్యాపిడ్‌లోనే వేస్తాయి.

పేర్లకంటే లెక్క ముఖ్యం. 40 ఎత్తుల ఆట అనుకోండి. 3+0లో, అంటే మూడు నిమిషాలు, కలిసే సెకన్లు ఏమీ లేకుండా, ఎత్తుకి నాలుగున్నర సెకన్లు వస్తాయి. 3+2లో, అంటే ఎత్తుకి రెండు సెకన్లు కలిస్తే, ఆరున్నర. ఒక నిమిషం ఆటలో సెకనున్నర. "ఊరికే రెండు సెకన్లేగా" అంటారు గానీ ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్ ఆడేది ఆ 3+2 మీదే. ఆ రెండు సెకన్లుంటే గెలిచే ఆటని గెలిచి తీరొచ్చు. లేకపోతే గెలిచే ఆటలో కూడా చెయ్యి ఎవరిది వేగమన్నదే పందెం. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నేను 5+3 చెబుతాను. ఎవరూ వినరు, అది వేరే సంగతి.

నా బలమేమిటి, బలహీనతేమిటి అన్నది ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో అసలు ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

ఎవరినడిగినా "నేను అటాకింగ్ ప్లేయర్‌ని" అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఒక వేసవిలో, ఇంట్లో వాళ్ళందరూ ఊరెళ్ళినప్పుడు, మా అమ్మాయి వాడి వదిలేసిన లాంగ్‌నోట్‌బుక్ తీసి ఓడిన ఆటలు రాయడం మొదలెట్టాను. గెలిచినవి రాయలేదు. ఒక్కో ఓటమికి నాలుగే గళ్ళు: ఎన్నో ఎత్తులో చెడింది, అప్పుడు గడియారంలో ఎంత ఉంది, ఎలా చెడింది, అంతకుముందు ఎక్కువ టైమ్ తిన్న ఎత్తు ఏది. ఈ చివరి గడి ఎవరూ రాసుకోరు. కానీ ఆట అయ్యాక రెండు సైట్లలోనూ ఏ ఎత్తుకి ఎంత టైమ్ పట్టిందో కనబడుతుంది.

అందులో ఒక ఆట చెబుతాను. 3+0, తెల్లపావులు నావి. 14వ ఎత్తు దగ్గర ఏనుగుని డీ1కి తేవాలా ఈ1కి తేవాలా అని 41 సెకన్లు కూర్చున్నాను. తేనైతే తెచ్చాను. చివరికొచ్చేసరికి బంటు మంత్రయింది, అవతలివాడికి ఉత్త రాజే మిగిలింది, నా దగ్గర ఏడు సెకన్లున్నాయి. నల్లరాజు ఏ8 మూలలోకి పోయింది. నా రాజు సీ6లో, మంత్రి హెచ్7లో. మంత్రిని ఏడో వరసలో బీ7 దాకా లాగితే ఆట కట్టు. ఒక్క గడి ముందే సీ7లో వదిలేశాను. ఏ7, బీ7, బీ8 మూడూ మూసుకుపోయాయి, చెక్ లేదు. స్టేల్‌మేట్, అంటే డ్రా. అర పాయింటు గాల్లో కలిసింది.

వేలు జారిందని వారం రోజులు చెప్పుకు తిరిగాను. నోట్‌బుక్‌లో రాస్తుంటే ఆ 41 సెకన్లు కళ్ళబడ్డాయి. ఇంజిన్‌ని (ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) అడిగితే ఏనుగు డీ1కి వెళ్ళినా ఈ1కి వెళ్ళినా ఒకటేనంది. ఏమీ లేని చోట ముప్పావు నిమిషం తగలేసి, అన్నీ ఉన్న చోట ఏడు సెకన్లతో కొట్టుకున్నాను.

యాభై ఓటములు నిండేసరికి నా సంగతి తేలిపోయింది. ఓపెనింగులో (ఆట మొదటి ఎత్తుల్లో) ఓడినవి నాలుగైదే. మంత్రిని ఊరికే ఇచ్చేసినవి నేననుకున్నదానికంటే తక్కువ. సగానికి పైగా మాత్రం ఒకటే బాపతు: ఇద్దరికీ సమానంగా ఉన్న చోట ఆలోచనలో పడటం, తర్వాత హడావిడి, ఏనుగుల ఎండ్‌గేమ్‌లో (పావులు కొన్నే మిగిలిన చివరి దశలో) మునక. నేను బలమనుకున్న చెయ్యి వేగం ఇన్నాళ్ళూ దీన్ని కప్పిపెట్టింది. టైమ్ మీద గెలిచిన ప్రతిసారీ "చూశావా, మనం ఫాస్ట్" అనుకున్నానే తప్ప, ఆ బోర్డు మీద నేను ఓడిపోయే స్థితిలో ఉన్నానని చూసుకోలేదు. మీరు గెలిచిన ఆటల్లో గడియారం గెలిపించినవి ఎన్నో పక్కన పెట్టి చూడండి. నాకైతే ముఖం మాడిపోయింది.

రేటింగ్ ఎందుకు కదలట్లేదు?

ఎందుకంటే సైట్ మీకు సమానమైనవాళ్ళనే వెతికి తెస్తుంది. సమానమైనవాడితో పదాడితే ఐదు గెలవడం, ఐదు ఓడటం సహజం. రేటింగ్ కట్టే ఎలో లెక్కలో వంద పాయింట్లు పైనున్నవాడు అంటే, కిందివాడితో పదాటల్లో దాదాపు 6.4 పాయింట్లు తెచ్చుకునేవాడు. అంటే మీకూ మీ కలల రేటింగుకీ మధ్య ఉన్నది పదాటల్లో ఒకటిన్నర ఆట. అంతే.

ఈ లెక్క తెలిశాక నాకు చాలా ఊరట కలిగింది. మొత్తం ఆటంతా మార్చుకోనక్కర్లేదు. పదింట్లో ఒకటిన్నర ఆటని తినేస్తున్న రోగం ఏదో ఒక్కటి పట్టుకుంటే చాలు. పైన చెప్పిన నోట్‌బుక్ అందుకే.

ఇంకోటి. కొన్ని నెలలు ఆడకుండా వచ్చి కూర్చుంటే రేటింగ్ ఒక్కో ఆటకి మామూలుకంటే ఎక్కువ ఊగుతుంది. ఈ సైట్లు వాడే గ్లికో పద్ధతి అంతే, మీ మీద నమ్మకం తగ్గితే పెద్ద అడుగులు వేస్తుంది. రెండు రోజుల్లో ఎనభై పాయింట్లు పడ్డాయని ఖంగారు పడకండి.

మా వాడికి ఆన్‌లైన్‌లో 1500 అట. బోర్డు మీద మాత్రం తేలిపోతున్నాడు. ఎందుకు?

ఇది మా పక్కింటి మావయ్యగారి ప్రశ్న. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు, షిఫ్టు మధ్యలో క్యాంటీన్‌లో ఆడి నేర్చిన ఆట ఆయనది. మనవడితో ఆడి గెలిచి, సంతోషించాలో బాధపడాలో తెలీక మా మేడెక్కారు. "ఏటి బాబూ, గుంటడికి ఇంటర్నెట్‌లో పదిహేనొందలంటావు, నాతో ఇరవై ఎత్తులాడేసరికి మంత్రినిచ్చేసాడేటి?"

"మావయ్యగారూ, ఆ పదిహేనొందలు వాడికి పుట్టుకతో వచ్చినవండీ" అన్నాను. లీచెస్‌లో ఖాతా తెరిచిన ప్రతివాడికీ మొదటి అంకె 1500. పది ఆటలాడినవాడి 1500కీ, వెయ్యి ఆటలాడి నిలబడినవాడి 1500కీ పోలికే లేదు. ఒక సైట్ అంకెని ఇంకో సైట్ అంకెతోనూ పోల్చకూడదు, రెండింటినీ ఫిడే రేటింగుతో అసలే పోల్చకూడదు. ఫిడే వాళ్ళు 2024 మార్చి నుంచి కింది హద్దుని 1400కి పెంచారు కాబట్టి "ఫిడే 1450" అన్నా ఇదివరకటి అర్థం లేదు.

ఇక రెండో కారణం కళ్ళది. స్క్రీన్ మీద బోర్డు పై నుంచి చూసినట్టు చదునుగా ఉంటుంది. చెక్క బోర్డు మీద పావులు నిలబడి ఉంటాయి, ఏనుగు వెనక నక్కిన బిషప్ కనబడదు. పైగా బోర్డు మీద ముట్టుకున్న పావునే కదపాలి. ఏ చేత్తో ఎత్తు వేస్తే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఆన్‌లైన్‌లో నిబంధనలు ఒప్పని ఎత్తు వేయబోతే పావు వెనక్కి పోతుంది, టోర్నమెంటులో రెండోసారి వేస్తే ఆటే పోతుంది. పిల్లాణ్ణి టోర్నమెంటుకి తీసుకెళ్ళే ముందు నెల రోజులు తాతయ్యతో చెక్క బోర్డు మీద ఆడించండి. ఇద్దరికీ మంచిది.

ఓపెనింగులు ఎన్ని నేర్చుకోవాలి?

తెల్లకి ఒకటి, నల్లకి రెండు. ఈ4కి ఒక జవాబు, డీ4కి ఒక జవాబు. యూట్యూబ్‌లో కనబడ్డ ప్రతి ట్రాపూ నేర్చుకునేవాళ్ళు 1200 దగ్గర ఎంత బాగా గెలుస్తారో 1500 దగ్గర అంత బాగా ఓడతారు.

నల్లపావులు మీవైనప్పుడు తెల్ల కొట్టే రెండు దెబ్బలకి మాత్రం మందు దగ్గరుంచుకోండి. ఈ4 ఈ5 అయ్యాక మంత్రి హెచ్5కి దూకిందనుకోండి. వెంటనే జీ6 వేస్తే మంత్రి ఈ5 బంటుని తిని చెక్ ఇచ్చి మూలనున్న ఏనుగుని కూడా పట్టుకుపోతుంది. ముందు గుర్రం సీ6, బిషప్ సీ4కి వచ్చాక జీ6, మంత్రి ఎఫ్3కి పోతే గుర్రం ఎఫ్6. అయిపోయింది, ఇక ఆ మంత్రిని తరుముకోవడమే. రెండోది, గుర్రం జీ5కి వచ్చి ఎఫ్7 మీద కన్నేసే ఆట. డీ5 తోయండి, బంటు తిన్నాక గుర్రంతో తిరిగి తినకండి, గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని కదిలించండి.

లండన్ సిస్టమ్ బ్లిట్జ్‌కి బాగుంటుందా అని అడుగుతారు. బాగుంటుంది, చూడకుండా ఆడేంత బాగుంటుంది, ముప్పూ అదే. నేను డీ4 వేసి, అవతలివాడి ఎత్తు రాకముందే బిషప్ ఎఫ్4 ప్రీమూవ్ పెట్టేవాణ్ణి. ఒకడు ఈ5 వేశాడు. నా బిషప్ బుద్ధిగా వెళ్ళి వాడి బంటు నోట్లో కూర్చుంది. రెండో ఎత్తుకే ఒక పావు హారతి.

అయితే ప్రీమూవ్ వాడొద్దా?

వాడండి, అవతలివాడికి ఒకే ఒక దారి ఉన్నప్పుడు. పావు తిన్నాక తిరిగి తినడం, చెక్‌కి ఒకే గడి ఉన్న రాజు, అలాంటి చోట్ల. చెస్ డాట్ కామ్‌లో ప్రీమూవ్‌కి సెకనులో పదో వంతు ఖర్చు, వరసగా ఎన్నైనా పెట్టుకోవచ్చు. లీచెస్‌లో ఖర్చు సున్నా, కానీ ఒకసారికి ఒకటే. ఓపెనింగులో మాత్రం నా బిషప్‌ని తలుచుకోండి.

టైమ్ అయిపోయే జబ్బుకి మందేమిటి?

మైలురాయి ఒకటి పెట్టుకోండి. 3+0లో నాది ఇది: 15వ ఎత్తుకి రెండు నిమిషాలు మిగలాలి. మిగల్లేదంటే అక్కణ్ణుంచి "మంచి ఎత్తు" వెతకడం మానేసి, పావు పోని ఎత్తు ఏదైతే అది వేసేస్తాను.

ఎక్కడ ఆలోచించాలి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పావులు ముఖాముఖి వచ్చినప్పుడు, మధ్యలో బంటు తోయాలా తినాలా అన్నప్పుడు, మంత్రులు మార్చుకునే ముందు. ఈ మూడు చోట్లా పది, పదిహేను సెకన్లు పెట్టొచ్చు, ఎందుకంటే తర్వాత వెనక్కి రాలేం. ముఖ్యంగా మంత్రులు మార్చుకునే ముందు. అప్పటికి బ్లిట్జ్‌లో అందరికీ అలసట వస్తుంది, "మార్చేస్తే పోలా" అనిపిస్తుంది. మార్చాక వచ్చే బంట్ల ఆట ఎవరిదో చూసుకోరు. తిరిగి తినే చోట, చెక్ తప్పించుకునే చోట, ఏ ఏనుగు ఏ గడికి అన్న చోట ఆలోచించడం శుద్ధ దండగ. అవతలివాడి టైమ్ నడుస్తున్నప్పుడు కళ్ళు బోర్డు మీద ఉండాలి. వాట్సాప్ మెసేజ్ తర్వాతైనా చదవొచ్చు.

ఎండ్‌గేమ్ ఎంత వస్తే చాలు?

బ్లిట్జ్‌కి గుప్పెడు చాలు, కానీ నిద్రలో లేపి అడిగినా వేసేటట్టు రావాలి.

మొదటిది, మంత్రీ రాజుతో ఉత్త రాజుని కట్టడం. రాజు మూల గడిలో ఉన్నప్పుడు మీ మంత్రి దానికి గుర్రపు గెంతు దూరంలో ఉండకూడదు. ఏ8 నుంచి గుర్రం గెంతే గళ్ళు బీ6, సీ7. రెండూ స్టేల్‌మేట్ గళ్ళే. ఇదొక్కటి గుర్తుంటే నా అర పాయింటు మిగిలేది.

రెండోది, రాజూ బంటూ. మీ రాజు బంటు ముందుండి ఆరో వరసకి చేరితే ఎత్తు ఎవరిదైనా గెలుపే, చివరి వరసల బంట్లు తప్ప. బంటుని ముందు తోసి రాజుని వెనక నడిపించేవాళ్ళే మేడ మీద ఎక్కువ. "రాజు ముందు, బంటు వెనక" అని ఒక పిల్లకి చెబితే, "పెళ్ళి ఊరేగింపులా కాకుండానా అంకుల్" అంది. ఇప్పుడు అందరికీ అలాగే చెబుతున్నాను.

మూడోది, ఏనుగుల ఆటలో ఫిలిడార్ రక్షణ. అవతలివాడికి ఏనుగూ బంటూ, మీకు ఏనుగే, మీ రాజు బంటుకి అడ్డంగా ఉంది. మీ వైపు నుంచి మూడో వరసలో ఏనుగుని కాపలా పెట్టి వాడి రాజుని ఆ వరస దాటనివ్వకండి. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టిందో లేదో, ఏనుగుని బోర్డు ఆ చివరికి పంపి వెనకనుంచి చెక్‌లు మొదలెట్టండి. ముందు బంటు వచ్చేసింది కాబట్టి రాజు దాక్కోవడానికి చోటుండదు. డ్రా. ఇది నేర్చుకున్న నెలలోనే నా నోట్‌బుక్‌లో ఏనుగుల ఓటములు పలచబడ్డాయి.

వరసగా ఓడుతున్నా ఆపలేకపోతున్నాను.

రాత్రి పన్నెండున్నరకి "ఈ ఒక్కటీ గెలిచి పడుకుంటా" అన్నవాడు గెలిచి పడుకున్న దాఖలా నేను చూడలేదు. రుషికొండ ఐటీ హిల్స్‌లో నైట్ షిఫ్టు చేసే మా వాడొకడు టీ బ్రేక్‌లో మొదలెట్టి తెల్లారేలోపు నూట ఇరవై పాయింట్లు పోగొట్టాడు. నా నియమం: వరసగా రెండు ఓడితే ఫోన్ బోర్లా పెట్టడం. మూడోది ఆడాలనిపిస్తే ముందు ఆ రెండో ఓటమిని మొదటినుంచి ఒకసారి తిప్పి చూడాలి. చాలాసార్లు ఆ తిప్పడంలోనే కోరిక చల్లారిపోతుంది.

ఓడాక నిలదొక్కుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే కోనేరు హంపి ఉంది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్‌లో మొదటి రౌండే ఓడింది. 11 రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో టైటిల్ ఆమెదే. 2019లో మాస్కోలో గెలిచాక అది రెండోది. కాకపోతే ఆమెకి రౌండ్ల మధ్య ఊపిరి తీసుకునే టైమ్ ఇస్తారు. మనకి కళ్ళముందు "రీమ్యాచ్" బటన్ వెలుగుతుంటుంది. ఆ బటన్ నొక్కకపోవడం ఒక విద్య.

పజిల్స్ రోజుకెన్ని?

పదిహేను నిమిషాలు. పజిల్ రష్, పజిల్ స్టార్మ్ లాంటి పరుగు పందేలు కంటికి పదును పెడతాయి గానీ, ఊహించి కొట్టే అలవాటు కూడా నేర్పుతాయి. కాబట్టి సగం రోజులు టైమ్ లేని పజిల్స్ చేయండి, చివరి ఎత్తు దాకా మనసులో చూసుకున్నాకే మొదటిది వేయండి. తప్పు చేసినవాటిని వారం తర్వాత మళ్ళీ చేయండి. లీచెస్‌లో పజిల్స్ అన్నీ ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు.

ఫోనా, కంప్యూటరా?

కంప్యూటరు, మౌసు. మన ఊళ్ళో అయితే మరీను. మే నెలలో సముద్రం గాలి ఉక్కకి వేలి చివర చెమట ఆరదు. స్క్రీన్ మీద పావు ఒక గడి అటో ఇటో జారుతుంది, నా సీ7 మంత్రి అలాంటి మధ్యాహ్నం పుణ్యమే. ఫోనే గతి అయితే జేబురుమాలు పక్కనుంచుకోండి. పావుని లాగడం మాని, పావునీ గడినీ విడివిడిగా నొక్కండి. భీమిలి వెళ్ళే 900కె బస్సులో నిలబడి 3+0 ఆడేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అక్కడ పజిల్స్ చేసుకోండి. నెట్ తెగితే గడియారం మీ కోసం ఆగదు.

అవతలివాడు ఇంజిన్ చూసి ఆడుతున్నాడని అనుమానం.

రిపోర్ట్ నొక్కి తర్వాతి ఆటకి వెళ్ళండి. మూడు నిమిషాల ఆటలో మీరు ఓడినవాటిలో చాలావరకు మామూలు ఓటములే.

ఓడే స్థితిలో ఉండి టైమ్ మీద గెలవడం తప్పు కాదా?

తప్పెందుకు, గడియారం కూడా ఒక పావే. కాకపోతే మీకు ఉత్త రాజే మిగిలి ఉంటే అవతలివాడి టైమ్ అయిపోయినా మీకు గెలుపు రాదు, డ్రానే. ఓడే స్థితిలో ఉండి టైమ్ మీద గెలిచినదాన్ని నోట్‌బుక్‌లో మాత్రం ఓటమిగా రాసుకోండి. నేను రాస్తాను.

బ్లిట్జ్ ఆడితే అసలు ఆట చెడిపోతుందంటారు. నిజమా?

బ్లిట్జ్ మాత్రమే ఆడితే చెడిపోతుంది. చిన్నప్పటి విశ్వనాథన్ ఆనంద్‌ని "లైట్నింగ్ కిడ్" అనేవారు, చేతి వేగం చూసి. ఆయన 2003లో ప్రపంచ ర్యాపిడ్ గెలిచాడు, మళ్ళీ 2017లో రియాద్‌లో, 48 ఏళ్ళ వయసులో గెలిచాడు. వేగం వెనక అన్ని దశాబ్దాల నెమ్మది ఆట ఉంది. మనకి అంత వద్దు. వారానికి రెండు 15+10 ఆటలు ఆడండి, అయ్యాక ఇంజిన్ పెట్టకుండా ముందు మీరే ఎక్కడ చెడిందో వెతకండి. తర్వాత ఇంజిన్‌తో సరిచూసుకోండి. వరస తిరగబడితే ఇంజిన్ చెప్పింది "అవునవును, నాకూ అదే అనిపించింది" అనేస్తాం. ఎవరికి వాళ్ళం చెప్పుకునే అబద్ధాల్లో అంత తియ్యనిది లేదు.

ఎన్నాళ్ళకి తేడా కనబడుతుంది?

నాకు నోట్‌బుక్ మొదలెట్టిన నాలుగో నెలలో. మొదటి నెల రేటింగ్ పడింది కూడా, ఎందుకంటే అలవాటైన ట్రాపులు మానేశాను.

ఆదివారం మేమూ రావచ్చా?

మేడ మీద ఎవరో ఒకరు తెలిసినవాళ్ళతో రండి. ఎండెక్కక ముందే, ఏడున్నరకల్లా. బోర్డులు నాలుగున్నాయి, గడియారాలు రెండే. వాటిలో ఒకదాని ఎడమ బటన్ గట్టిగా నొక్కితే గానీ పడదు. ఆ బటన్ వైపు ఎవరు కూర్చోవాలన్నదానికి మావయ్యగారు టాస్ వేస్తారు. టాస్ ఓడినవాళ్ళకి ఆయన దగ్గర మినహాయింపుల్లేవు.